అనుకూలనము అను మాటకు అర్థమేమి?

చదువుకొనవలసిన వాక్యభాగములు: మార్కు 2:1–12, యోహాను 9:1–7, యోహాను 11:47–53.



మన పిల్లలు హైస్కూలులో చదువు జీవశాస్త్ర పుస్తకములో అనుకూలనమును గూర్చిన పాఠమొకటి యుండును. ఒంటె యెడారిలో ఎట్లు బ్రతుకుచున్నది, చేప నీటిలో ఎట్లు ఊపిరి తీసికొనుచున్నది, బ్రహ్మజెముడునకు ఆకులకు బదులు ముండ్లేల యున్నవి, ఇవి అందులోని సంగతులు. పరీక్షలో మార్కులు వచ్చును, పాఠము ముగియును. అయితే ఆ మాట బడిగోడల లోపలనే నిలిచిపోలేదు. అంగడిలో వినబడుచున్నది, రచ్చబండమీద వినబడుచున్నది, ఒక్కొక్కప్పుడు ప్రసంగ వేదికమీదనుండియు వినబడుచున్నది. "పరిస్థితులకు అనుకూలముగా మారినదే బ్రతుకును, మారలేనిది నశించును, ఇది ప్రకృతి నియమము" అని కొందరందురు. ఆ మాట చెప్పి లంచమిచ్చుటను సమర్థించుకొనువారు కలరు, కట్నము పుచ్చుకొనుటను సమర్థించుకొనువారు కలరు. మరికొందరు, "ప్రతి ప్రాణిని దాని స్థలమునకు తగినట్లు చేసిన దేవుడు నీ కష్టమును గూడ నీకు తగినట్లే చేసెను, ఊరకుండుము" అని బోధింతురు. మొదటి మాట కఠినమైనది, రెండవది భక్తిగలదిగా కనబడుచున్నది. కాని రెండును ఒక్క పొరపాటుమీదనే నిలిచియున్నవి. అనుకూలమైనదంతయు మంచిదే అని ఇరువురును తలంచుచున్నారు.

తలంచినంత మాత్రమున నష్టమేమని మీరడుగవచ్చును. మన సంఘములలో, ముఖ్యముగా మన్యపు సంఘములలో, ఆ పొరపాటువలన కన్నీరు కార్చు తల్లులున్నారు. వారి సంగతికి వచ్చుటకు ముందు, ఆ మాటకు శాస్త్రములోనున్న అర్థమును కొంచెము నిదానముగా తెలిసికొందము.

కాకినాడకు దిగువను, గోదావరి సముద్రములో కలియుచోట, కోరంగి మడ అడవి యున్నది. చూడనివారు ఒకసారి చూడదగినది. అక్కడ దినమునకు రెండుమారులు పోటు వచ్చి ఉప్పునీరు చెట్ల మొదళ్లను ముంచును. మన పెరటిలోని మామిడి మొక్కనో, వేప మొక్కనో తీసికొనిపోయి అక్కడ నాటినయెడల కొద్ది దినములలోనే ఎండిపోవును. ఉప్పు దానిని చంపును. బురదలో గాలి దొరకక వేళ్లు కుళ్లును. మడ చెట్టు మాత్రము పచ్చగా నిలిచియుండును. దాని వేళ్లనుండి బురదపైకి పుల్లలవలె నిటారుగా పొడుచుకొని వచ్చు వేళ్లు గాలిని పీల్చుకొనును. కొన్ని మడ జాతులు లోనికి చేరిన ఉప్పును ఆకులగుండ వెళ్లగొట్టును. ఆ ఆకును నాలుకకు తగిలించినవానికి ఈ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. మరికొన్ని జాతులలో గింజ తల్లిచెట్టున వ్రేలాడుచుండగనే మొలకెత్తి, పొడుగుగా పెరిగి, పిమ్మట క్రిందపడి బురదలో పాతుకొనును. ఇట్టివానిని శాస్త్రజ్ఞులు అనుకూలనములందురు. 104వ కీర్తన పాడిన భక్తుడు ఏ జంతువునకు ఏ చోటు తగియున్నదో కనిపెట్టి దేవుని స్తుతించెను. కోరంగి కాలువలలో పడవమీద పోవువాడు ఆలాగే స్తుతించినయెడల నేను కాదనను, నేనును స్తుతించెదను.

అయితే మడ చెట్టు ఉప్పును ఓర్చుకొనుట ఎవరియొద్ద నేర్చుకొనెను? ఇక్కడనే చాలమంది తప్పుదారి పట్టుదురు.

రైతు అరచేతులు చూడుడి. కొన్నేండ్లు మేడితోక పట్టినవాని చేతులు కాయలు కాయును. పని గట్టిది గనుక చర్మమును గట్టిపడెను. ఇదియు శరీరము పరిస్థితికి అలవడుటయే. కాని ఆ రైతునకు పుట్టిన బిడ్డ అరచేతులు ఎట్లున్నవి? తామరరేకులవలె మెత్తగా నున్నవి. తండ్రి చేతి కాయలు కొడుకునకు దిగలేదు. మనుష్యుడు తన జీవితకాలములో దేనికైనను అలవాటుపడుట ఒక సంగతి. శాస్త్రజ్ఞులు అనుకూలనమనునది వేరొక సంగతి. అది పుట్టుకతో వచ్చునది, తల్లిదండ్రులనుండి పిల్లలకు దిగునది. ఒక జాతిలో పుట్టినవన్నియు ఒక్క తీరున పుట్టవు. ఒక దానిలో లేని చిన్న భేదము మరియొక దానిలో నుండును. ఆ చోట ఆ భేదము కలిగినవి కొంచెము ఎక్కువగా బ్రతికి, కొంచెము ఎక్కువ సంతానమును విడిచిపోవును. భేదము లేనివి త్వరగా చచ్చును, లేదా తక్కువ సంతానమును విడుచును. ఈలాగు తరతరములు జరుగగా ఆ భేదమే జాతియంతట వ్యాపించును. చార్లెస్ డార్విన్ అను ఆంగ్లేయుడు 1859లో ప్రచురించిన గ్రంథములో వివరించిన పద్ధతి యిదియే.

ఆ పేరు వినగానే మనలో కొందరికి ముఖము చిట్లును. సృష్టిని గూర్చిన పెద్ద వాదమును నేనిక్కడ ఎత్తుకొనుట లేదు. మన తాత తండ్రుల కాలములో, మన యిండ్ల గోడలమీదనే జరిగిన సంగతి నొకదానిని చెప్పెదను.

మలేరియా జ్వరము దోమవలన వచ్చునను సంగతికి మొదటి రుజువు దొరికినది మన సికింద్రాబాదులోనే. 1897 ఆగస్టు 20వ తేదీన రోనాల్డ్ రాస్ అను సైనిక వైద్యుడు, రోగి రక్తము త్రాగిన దోమ కడుపు గోడలో ఆ జ్వరపు క్రిమిని కనుగొనెను. దేశమునకు స్వాతంత్ర్యము వచ్చునాటికి ఏటేట సుమారు 7.5 కోట్లమందికి ఈ జ్వరము వచ్చుచుండెననియు, సుమారు 8 లక్షలమంది చనిపోవుచుండిరనియు అంచనా. 1953లో ప్రభుత్వము మలేరియా నియంత్రణ కార్యక్రమమును ప్రారంభించెను. పంపులు భుజమున వేసికొన్న మనుష్యులు గ్రామ గ్రామమునకు వచ్చి ఇండ్ల గోడలమీద డి.డి.టి. కొట్టిరి. పెద్దవారికి ఆ వాసన ఇంకను జ్ఞాపకముండును. దోమలు చచ్చెను. 1965 నాటికి దేశమంతట ఏటికి లక్షమందికి మాత్రమే జ్వరము వచ్చెను. జ్వరము పోయెననియే అందరు తలంచిరి. కాని 1976లో 64 లక్షలమందికి మరల వచ్చెను. కారణములు అనేకములు, పనివారి అజాగ్రత్తయు, డబ్బు కొరతయు అందులో నున్నవి. దోమ గూడ ఒక కారణము. డి.డి.టి. తగిలినను చావని దోమలు పెరిగెను.

ఏ దోమయు విషమును ఓర్చుకొనుట సాధన చేసి నేర్చుకొనలేదు. వేలకొలది దోమలలో ఏ కొన్నింటికో పుట్టుకతోనే ఆ విషమును తట్టుకొను భేదముండెను. మిగిలినవి చచ్చుటచేత వీని సంతానమునకే చోటు దొరకెను. ఇదియు అనుకూలనమే. మడ చెట్టుది ఎట్టిదో యిదియు అట్టిదే, శాస్త్రములో రెంటికిని ఒక్కటే పేరు.

ఇప్పుడు చెప్పుడి, ఆ దోమ మునుపటికంటె మంచిదాయెనా? మునుపటికంటె గొప్పదాయెనా? డి.డి.టి. కొట్టిన గోడకు తగినదాయెను, అంతే. అనుకూలనమను మాటలో మెప్పు లేదు. ఒకానొక చోట, ఒకానొక కాలమున, ఎవరి సంతానము మిగిలెనో చెప్పు లెక్క మాత్రమే యున్నది. ఆఫీసులో లంచమిచ్చి పని జరుపుకొనువాడు ఆ ఆఫీసునకు అనుకూలుడాయెను. దానివలన నీతిమంతుడు కాలేదు. దానియేలు బబులోనులో కల్దీయుల భాష నేర్చుకొనెను, వారి విద్య చదివెను, వారు పెట్టిన పేరునకు పలికెను. రాజు బల్లమీది భోజనమునొద్ద మాత్రము వద్దనెను. ఎక్కడ వంగవలెనో ఎక్కడ నిలువవలెనో అతనికి తెలిపినది బబులోను కాదు.

ఇంతవరకు చెప్పినది సులభమైన భాగము. దోమ సంగతి మనస్సునకు నొప్పి కలిగించదు. అదే లెక్క మనుష్యుల మధ్య జరిగినప్పుడు ఏమగునో చూతము.

మలేరియా మనుష్యులను వేల సంవత్సరములనుండి చంపుచున్నది. చిన్న పిల్లలను మరి యెక్కువగా చంపుచున్నది. మన్యపు జ్వరమని దానికి మనవారు పేరు పెట్టుటలోనే ఆ ప్రాంతమువారు పడిన బాధ తెలియుచున్నది. అట్టి చోట్ల మనుష్యుల రక్తములో ఒక భేదము వ్యాపించెను. 1910లో అమెరికాలోని చికాగో పట్టణమున జేమ్స్ హెరిక్ అను వైద్యుడు, గ్రెనెడా ద్వీపమునుండి వచ్చిన యొక విద్యార్థి రక్తములో గుండ్రముగా నుండవలసిన ఎఱ్ఱకణములు కొడవలివలె వంగియుండుట చూచితినని వ్రాసెను. అందుచేత దానికి కొడవలి కణ వ్యాధి అని పేరు కలిగెను. మన ఆసుపత్రులలో సికిల్ సెల్ అందురు. 1949లో లైనస్ పాలింగ్‌యు అతని తోటివారును, తప్పు ఎఱ్ఱకణములలోని హిమోగ్లోబిన్‌లోనే యున్నదని చూపిరి. కొన్ని ఏండ్లకు వెర్నన్ ఇంగ్రామ్ అనునతడు, ఆ పదార్థపు పొడవైన గొలుసులో ఒక్క కడియము మాత్రమే మారినదని తేల్చెను. ఒక్క కడియము! 1952లో నీలగిరి కొండలలోని గిరిజనుల మధ్యను ఇది కనబడెను. ఆదిలాబాదు అడవులలోను, గోదావరి మన్యములోను, ఉత్తరాంధ్ర కొండలలోను ఇది కలదు.

ఇంత బాధ పెట్టు భేదము తరతరములు నశింపక యేల నిలిచెను? 1954లో ఆంథొనీ ఆలిసన్ అను వైద్యుడు తూర్పు ఆఫ్రికాలో పరీక్షలు చేసి దీనికి జవాబు చూపెను. ప్రతి బిడ్డకును ఈ విషయములో తండ్రినుండి ఒక భాగము, తల్లినుండి ఒక భాగము వచ్చును. ఒక భాగము మాత్రము కొడవలి గుణము గలదై, రెండవది మామూలుదైనయెడల అట్టివానిని వాహకుడందురు. అతడు సామాన్యముగా ఆరోగ్యముగానే యుండును. పైగా మలేరియా ముదిరి ప్రాణము తీయు ప్రమాదము అతనికి చాల తక్కువ. ఇరుగు పొరుగు పిల్లలు జ్వరమునకు చనిపోవుచుండగా ఇతడు బ్రతికి పెద్దవాడై పిల్లలను కనెను. ఆలాగున ఆ గుణము మన్యమంతట వ్యాపించెను. అయితే ఇద్దరు వాహకులు పెండ్లి చేసికొన్నయెడల, ప్రతి కాన్పునందును నాలుగు పాళ్లలో ఒక పాలు బిడ్డకు రెండు భాగములును కొడవలి గుణము గలవే వచ్చుటకు వీలున్నది. మొదటి బిడ్డకు వచ్చెను గనుక తరువాతి ముగ్గురికి రాదని కాదు. ప్రతి కాన్పునకు ఆ లెక్క మరల మొదటినుండి మొదలగును. అట్టి బిడ్డకే వ్యాధి. మన ఎఱ్ఱకణములు సుమారు 120 దినములు బ్రతుకగా వాని కణములు 10 లేక 20 దినములలోనే నశించును. వంగిన కణములు సన్నని రక్తనాళములలో చిక్కుకొని దారి మూయును. అప్పుడు ఎముకలలో పుట్టు నొప్పి యెట్టిదో ఆ మంచముప్రక్క ఒక రాత్రి కూర్చుండినవారికి తెలియును. పసిపిల్లలకు చేతులు కాళ్లు వాచును, కన్నులు పచ్చబడును, కొందరికి పక్షవాతము వచ్చును.

మరియొక మాట. ఆఫ్రికానుండి బానిసలుగా కొనిపోబడినవారి సంతతి నేడు అమెరికాలో నున్నది. అక్కడ మలేరియా లేదు. కావున ఆ గుణమువలన వారికి కలుగు మేలేమియు లేదు. కీడు మాత్రము పిల్లలనుండి పిల్లలకు దిగుచునేయున్నది. నిన్నటి చోటికి తగినది నేటి చోటికి తగకపోయెను.

పుస్తకములలో ఈ సంగతిని అనుకూలనమునకు మంచి ఉదాహరణమని వ్రాయుదురు. శాస్త్రరీతిగా అది నిజమే. కాని ఆ పుటను ఎవరియెదుట చదువుచున్నామో చూచుకొనవలెను. వరండాలో చాపమీద బిడ్డ మోకాళ్లు పట్టుకొని మూలుగుచున్నాడు. తల్లి వానిని ఒడిలో పెట్టుకొని, "నా బిడ్డ ఏమి పాపము చేసెను?" అని అడుగుచున్నది. ఊరివారు ఆమెకు అనేక జవాబులు చెప్పిరి. పాతదేవతను విడిచినందుకు వచ్చెననిరి. అత్తవారు ఆమె పుట్టింటి రక్తమే చెడ్డదనిరి. (ఈ మాట శుద్ధ అబద్ధము. వ్యాధి గల బిడ్డకు సగము గుణము తండ్రియొద్దనుండియే వచ్చినది. తల్లిని మాత్రము నిందించువారు లెక్క తెలియనివారైనను కావలెను, దయ లేనివారైనను కావలెను.) ఇక మన క్రైస్తవులలోను, రహస్యపాపమేదో యున్నదని గుసగుసలాడినవారు లేకపోలేదు. పుట్టు గ్రుడ్డివానిని చూచి శిష్యులును ఆలాగే అడిగిరి: పాపము వీనిదా, వీని తల్లిదండ్రులదా అని. ప్రభువు రెండును కాదనెను. ఆ ఒక్క మాటనైనను మనము నమ్మినయెడల మన పల్లెలలో సగము గుసగుసలు ఆగిపోవును.

కొంచెము చదువుకొన్న బోధకుడు వేరొక జవాబు తెచ్చును. "అమ్మా, ఇది మీ జనులను మలేరియానుండి కాపాడుటకు దేవుడు ఇచ్చిన కవచము" అని చెప్పును. మంచి మనస్సుతోనే చెప్పును. కాని ఆమె ఒడిలోని బిడ్డను ఆ కవచము కాపాడుట లేదు. రెండు భాగములును పొందిన బిడ్డకు మలేరియా వచ్చెనా, అది మరింత ప్రాణాపాయము. కాపాడబడినవారు వేరే పిల్లలు, వేరే యిండ్లలోనివారు, వెనుకటి తరములవారు. నూరుమందిలో కొందరు బ్రతుకుటకు ఒకని బాధ వెలగా చెల్లెను. ఆ ఒకనిని ఎవరును అడుగలేదు. ఈ లెక్కను ఆ తల్లియెదుట దేవుని ప్రేమయని నేను చెప్పలేను. చెప్పవలసిన పనియు లేదు. సృష్టియంతయు ప్రసవవేదనవంటి బాధతో మూలుగుచున్నదని పౌలు రోమా పత్రిక 8వ అధ్యాయములో ఒప్పుకొనుచున్నాడు. ఆయన ఆ మూలుగును సంగీతమని పిలువలేదు.

ఈ లెక్క బైబిలులో మనకు తెలిసినదే. యోహాను సువార్త 11వ అధ్యాయము చూడుడి. మహాసభ కూడినది. యేసును విడిచిపెట్టినయెడల రోమీయులు వచ్చి దేశమును పాడుచేయుదురని భయము. అప్పుడు కయప లేచి, జనమంతయు నశించుటకంటె ఒక్కడు చచ్చుట మేలుకాదా అనెను. తెలివిగల మాట. పెద్దలందరు తల ఊపిరి. ప్రకృతి ఏ సభలోను కూర్చుండదు, ఎవరిని ద్వేషింపదు. అయినను దాని లెక్కకును కయప లెక్కకును మొత్తము ఒక్కటే వచ్చును. జాతి మిగిలినది, ఒకడు పోయెను, మేలే జరిగెను. లూకా 15వ అధ్యాయములోని కాపరికి ఈ లెక్క రాదు. తొంబది తొమ్మిది భద్రముగా నున్నవి, నూటికి ఒకటి పోయినను మంద నిలుచును గదా అని యింటికి పోవుట వాని చేతకాలేదు.

కయప తనకు తెలియకయే ప్రవచించెనని యోహాను వ్రాయుచున్నాడు. నిజముగానే ఒక్కడు అందరికొరకు చనిపోయెను. అందుచేత కొందరు తొందరపడి వ్యాధితోనున్న బిడ్డ బాధను సిలువతో పోల్చుదురు. వాడును తన జనులకొరకు బాధపడుచున్నాడందురు. ఇది నాకు సరియని తోచదు. ప్రభువు తన ప్రాణమును ఎవరును తీసికొనలేదని, తానే పెట్టుచున్నానని చెప్పెను. చాపమీది బిడ్డ ఏమియు పెట్టలేదు, వానియొద్దనుండి తీసికొనబడుచున్నది. బలిగా అర్పించుకొనుట వేరు, అడుగకుండ లాగుకొనబడుట వేరు. ఆ రెంటిని కలిపితిమా, సిలువను కయప కన్నులతో చూచినవారమగుదుము.

అట్లయిన ఆ తల్లితో ఏమి చెప్పవలెను? గ్రుడ్డివాని విషయములో ప్రభువు కారణముల చర్చను పెంచలేదు. పగలున్నంతలో చేయవలసిన పని యున్నదనెను. ఉమ్మితో బురద చేసెను, వాని కన్నులకు పూసెను, సిలోయము కోనేటికి పంపెను. చేతులకు మట్టి అంటిన జవాబు అది.

మార్కు 2వ అధ్యాయములోని నలుగురు మనుష్యులనుగూడ జ్ఞాపకము చేసికొందము. కపెర్నహూములోని ఆ యిల్లు జనముతో క్రిక్కిరిసి యుండెను. నడువగలవానికి, త్రోసికొనిపోగలవానికి ఆ వాకిలి అనుకూలము. పక్షవాయువు గలవానికి కాదు. ప్రకృతి న్యాయమైనయెడల అక్కడనే ముగిసియుండును: చోటు మారదు, తగినవాడు లోనుండును, తగనివాడు బయట నుండును. ఈ నలుగురు అట్లు తలంపలేదు. పైకెక్కి కప్పు విప్పిరి. ఆ యింటి యజమాని ఏమనెనో వ్రాయబడలేదు. నేనైతే కేకలు వేసియుందును. ఆ మనుష్యుడు ఇంటికి తగినవాడు కానందున, ఇంటినే ఆ మనుష్యునికి తగినట్లు మార్చిరి. ప్రభువు కప్పు పాడైనదని వారిని గద్దింపలేదు, వారి విశ్వాసమును చూచెను.

మన సంఘములలో విప్పవలసిన కప్పులు ఏవో కొంచెము చెప్పుకొందము.

మొదటిది పెండ్లి సంగతి. మన గుడిలో పెండ్లి ప్రకటన మూడు ఆదివారములు చదువుదుము, అభ్యంతరమున్నవారు తెలుపవచ్చునందుము. కాని అప్పటికే మాట అయిపోయినది, బట్టలు కొన్నారు, బంధువులకు కబురు వెళ్లినది. రక్తపరీక్షను గూర్చి అప్పుడు మాటలాడుట పగ తెచ్చుకొనుటయే. యౌవనస్థుల కూటములలో, ఎవరి పేరును ఏ సంబంధమునకును ముడిపడక మునుపే, ఈ సంగతి చెప్పవలెను. పరీక్షకు కొంచెము రక్తము చాలును. 2023 జూలై 1వ తేదీన మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో ప్రధానమంత్రి జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమమును ప్రారంభించెను. 40 ఏండ్లలోపువారిలో 7 కోట్లమందిని పరీక్షించుటయు, 2047 నాటికి ఈ వ్యాధిని నిర్మూలించుటయు దాని గురి. మన రెండు తెలుగు రాష్ట్రములును అందులో నున్నవి. పరీక్ష చేయించుకొన్నవారికి ఫలితము తెలుపు కార్డు నిత్తురు. వాహకుడని కార్డులో నున్నంత మాత్రమున అతడు రోగి కాడు, ఆమె రోగి కాదు. వాహకుడు వాహకురాలు కానివారిని పెండ్లాడినయెడల పిల్లలకు ఈ వ్యాధి రాదు. ఇద్దరును వాహకులైనప్పుడే నాలుగింట ఒక పాలు ప్రమాదము. ఆ సంగతి తెలిసిన పిమ్మట ఏమి చేయవలెనో వారిద్దరును వైద్యునితోను, తమ పెద్దలతోను, దేవుని సన్నిధిలోను ఆలోచించుకొందురు. సంఘము చేయవలసినది, ఆ కార్డులోని సంగతిని బావియొద్ద మాటలాడుకొనకుండుట. వాహకురాలని పేరుపడి పెండ్లి కాకుండ నిలిచిపోయిన పిల్ల ఒక్కతెయైనను మన సంఘములో నుండరాదు.

రెండవది మందు సంగతి. ప్రార్థన చేయుచున్నాము గనుక మందు మానుమని చెప్పుట పాపము. ఇంతకంటె మెత్తని మాట నాకు దొరకలేదు. హైడ్రాక్సీయూరియా అను మాత్ర వైద్యుని చూపులో క్రమముగా వాడినయెడల నొప్పులు వచ్చుట అనేకులకు తగ్గును. మంచి యాహారము, వేళకు టీకాలు, జ్వరము వచ్చినవెంటనే వైద్యము, ఇవన్నియు కావలెను. మాత్ర తెచ్చుకొనుటకు ఆసుపత్రికి పోవు దినమున బస్సు ఛార్జీలేక నిలిచిపోవు కుటుంబములున్నవి. మన కానుకల పెట్టెలోనుండి అది ఇయ్యవచ్చును. దానికి తీర్మానము వ్రాయుటకు కమిటీ మూడు నెలలు తీసికొనరాదు.

మూడవది చిన్నది. ఈ వ్యాధిగల పిల్లలకు చలి తగిలినను, దాహముతో నున్నను, ఎక్కువగా అలసినను నొప్పి రేగును. మన గుడిలో ఆరాధన రెండున్నర గంటలు సాగును. మధ్యలో లేచి నీళ్లు త్రాగు పిల్లవానిని మనము కన్నెఱ్ఱచేసి చూతుము. వానికి కిటికీప్రక్కను చోటిచ్చి, ప్రక్కను చెంబు పెట్టినయెడల ఆరాధనకు కొదువ రాదు. సండే స్కూలు పరుగుపందెములో వానిని పరుగెత్తుమని బలవంతపెట్టవద్దు, సోమరియని పిలువవద్దు.

డిసెంబరు నెలలో రాత్రులు పాటల బృందము ఇంటింటికి బయలుదేరును. ఆ పిల్లవాడును వచ్చెదనని ఏడ్చును. తల్లి మంచునకు భయపడి వద్దనును. వానిని విడిచిపోవద్దు. చెవులకు మఫ్లరు కట్టి, ఉన్ని చొక్కా తొడిగించి, సీసాలో గోరువెచ్చని నీళ్లిచ్చి ఎవరైన ఒకరు సైకిలుమీద ఎక్కించుకొనిపోవలెను. వాని వీధిని మొదటనే ముగించి, తొమ్మిది గంటలలోపల ఇంటికి చేర్చవలెను. త్రోవలో ఒళ్లు వెచ్చబడినయెడల గాని, రొమ్ములో నొప్పియనినయెడల గాని, ఊపిరి ఆడుట లేదనినయెడల గాని తెల్లవారువరకు ఆగక, కార్డు చేతబట్టుకొని ఆ రాత్రియే ఆసుపత్రికి తీసికొనిపోవలెను. మిగిలిన వీధులలో పాటలు మరునాడు పాడవచ్చును.